మందం ఏడు వందలు

ప్రెస్సులో పనిచేసే ఫాంట్ టెక్నీషియన్ మూడో అంతస్తులో లిఫ్ట్ ఎక్కాడు. లిఫ్ట్ కిందికొచ్చి తలుపు తెరుచుకునేసరికి ప్రాణం లేదు. మెడ వెనక చీమ కుట్టినంత గుర్తు. ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో గబగబా రాసుకున్న రెండు ముక్కలు: ‘ఫాంట్ వెయిట్ తప్పు. లోపలి అంకె చూడండి.’

ఆ అరచేయి ఫోటో మర్నాడు పొద్దున ఆరింటికి పెద్దాయన బల్ల మీద ఉంది. పెద్దాయన అంటే డిపార్ట్‌మెంట్ చీఫ్. ఆ డిపార్ట్‌మెంటుకి పేరు లేదు, బోర్డు లేదు. వీధిలోకి కనిపించేది పళ్ళ డాక్టరు బోర్డు. లోపల నిజంగానే ఒక డాక్టరు పళ్ళు పీకుతుంటాడు. ఆ అరుపుల వెనక గదిలో ఎంత గట్టిగా మాట్లాడుకున్నా బయటికి వినపడదు.

“చెదా, ఇలా కూర్చో” అన్నాడు పెద్దాయన.

చెద అంటే మనవాడే. ఏ కాగితాల గుట్టలోకైనా చడీచప్పుడూ లేకుండా దూరిపోతాడని పెట్టిన కోడ్ నేమ్. వినడానికి బాగోదని ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పెద్దాయన మార్చలేదు.

“ఫాంట్ అంటే నాకు తెలుసు. అక్షరాల రూపు. దానికి బరువేంటోయ్?”

“కాటాలో తూచే బరువు కాద్సార్. గీత ఎంత మందమో చెప్పే అంకె. మామూలు అక్షరానికి నాలుగొందలు. బోల్డుకి ఏడొందలు. ప్రతి ఫాంట్ ఫైలు లోపలా ఆ అంకె ఉంటుంది. మెషీన్‌కి కళ్ళుండవు కదా, అక్షరాన్ని చూడదు. ఆ అంకెని చూసి ఫైల్ తీసుకుంటుంది.” మూడేళ్ళు ఒక ఫాంట్ల కంపెనీలో మారువేషంలో పనిచేసిన ఫలితం అది.

“అంకెలు తారుమారైతే?”

“బోల్డు అడిగితే మామూలుది పడుతుంది. మామూలుది అడిగితే బోల్డు పడుతుంది.”

పెద్దాయన మొహం పాలిపోయింది. లేచి వెళ్ళి కిటికీ రెక్క మూశాడు. పక్కగదిలో ఎవరిదో పన్ను ఊడినట్టుంది, పెద్ద కేక.

“విను. ఇవాళ సాయంత్రం ఐదింటికి వంతెన మీద ఖైదీల మార్పిడి. లిస్టులో ఇరవై నాలుగు నంబర్లు. ఒకటి నుంచి పన్నెండు దాకా మన జైల్లో ఉన్న వాళ్ళ మనుషులు. పదమూడు నుంచి ఇరవై నాలుగు దాకా వాళ్ళ జైల్లో ఉన్న మనవాళ్ళు. చెరో ఆరుగుర్ని వదలాలి. పేర్లేస్తే గూఢచారుల్ని పంపామని ఒప్పుకున్నట్టవుతుందని ఉత్త నంబర్లే. రెండు లిస్టులేస్తే ఒకటి మాయం చేస్తారని ఇద్దరికీ అనుమానం. అందుకని అందరూ ఒకే కాగితం మీద. వదిలేవాళ్ళ నంబర్లు మందంగా, ఉంచేవాళ్ళవి మామూలుగా. ఏ మహానుభావుడి తెలివో గానీ ఒప్పందంలో సంతకాలైపోయాయి.”

“కాగితం వచ్చాక ఎవరో ఒకరు చూస్తారు కద్సార్?”

“అదే మరి. ఎవరూ చూడరు. ఆ మెషీన్ పేరు గుడ్డిది. కాగితం లోపలే అచ్చవుతుంది, లోపలే మడతపడుతుంది, లోపలే కవర్లోకి వెళ్ళి సీలవుతుంది. వంతెన మీద తెరిచేదాకా మూడో కంటికి కనపడకూడదని రూలు. అక్కడుండే మిలిటరీ వాళ్ళకి కాగితం మీదున్నదే వేదం. మన జైల్లో నాలుగో నంబరు ఎవరో తెలుసుగా? రెండు రైల్వే స్టేషన్లు పేల్చిన మనిషి. వాడి నంబరు మామూలుగా ఉండాలి. బయట మిగిలిన వాడి ముఠా వాడిని విడిపించుకోవడానికే ఈ నాటకమంతా ఆడుతోంది.”

చెదకి నాలుగో నంబరు గురించి ఆలోచించే ఓపిక లేదు. “పదిహేడు?” అన్నాడు.

పదిహేడో నంబరు అతని అక్క. తల్లి లేని ఇంట్లో అతన్ని ఎత్తుకుని పెంచిన అక్క. అతని కంటే ముందు ఈ ఉద్యోగంలో చేరిన అక్క. ఆరేళ్ళ క్రితం సరిహద్దు అవతల ఇద్దరూ చిక్కుకున్నప్పుడు, “నువ్వెళ్ళరా, నేను వెనకే వస్తా” అని నది ఒడ్డున ఆగిపోయిన అక్క. ఆ వెనకే రావడం ఇప్పటికీ పూర్తి కాలేదు.

“మందంగానే ఉంటుంది” అన్నాడు పెద్దాయన మెల్లగా. “నువ్వు సరిచేస్తే. మార్పిడి ఆపేద్దామంటావేమో, ఇది తప్పితే మళ్ళీ కూర్చోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. ఎనిమిదింటికి ప్రెస్సు తలుపులు పడతాయి. నాలుగింటికి కవరు బయటికొచ్చాకే మళ్ళీ తీస్తారు. ఆ పనిమీద చెయ్యి పెట్టిన ప్రతివాడూ లోపలే ఉండాలి. ఫోన్లుండవు. చనిపోయినవాడి బదులు నువ్వు. లోపల మన మనిషి ఒకావిడ ఉంది. ఆ ఫాంట్ గీసిన డిజైనరు. ముఠా వాళ్ళు తమ మనిషే అనుకుంటారు. కోడ్ గుర్తుంచుకో. ‘సన్న గీత పడే పెన్సిలుందా?’ అని అడుగు. ‘అరిగిపోయింది, మొద్దుదే మిగిలింది’ అంటుంది.”

వెళ్ళేముందు గాడ్జెట్ల మామయ్య అతన్ని పట్టుకుని ఐదు వస్తువులు ఇచ్చాడు. మత్తుసూది పెన్ను, కెమెరా గుండీ, వైర్‌లెస్ ఉన్న బూటు మడమ, తాళాలు తీసే టూత్‌పిక్కు, బటన్ నొక్కితే పొగ చిమ్మే వాచీ. పాపం ఆయన వాటి మీద పదకొండు నెలలు కష్టపడ్డాడు.

ప్రెస్సు గేటు దగ్గర ఐదూ ఐదు నిమిషాల్లో పోయాయి.

పట్టుకున్నది ప్రెస్సు సూపర్‌వైజరు. అందరూ తాళాలాయన అంటారు. నడుముకి ఇరవై మూడు తాళంచెవులు, చంకలో పెద్ద రిజిస్టరు, మొహం మీద ఎప్పుడూ అదే నవ్వు. చెద బూట్లు విప్పించి, వాచీ లాగేసి, గుండీతో సహా చొక్కా మార్పించి, పళ్ళు కూడా చూశాడు.

“ఏమనుకోకు బాబూ. ఇక్కడికొచ్చినవాడు నాకు ఇంటి అల్లుడితో సమానం. మర్యాదలన్నీ జరుగుతాయి. ఎటొచ్చీ కవరు వెళ్ళేదాకా బయటికి మాత్రం వెళ్ళనివ్వను.”

రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నాడు. ముప్పై ఒకటో మనిషి. సరిగ్గా ఎనిమిదింటికి ఇనుప తలుపు పడింది. ఆరేళ్ళ క్రితం అక్క వెనక కూడా ఇలాంటి తలుపే పడి ఉంటుందనుకున్నాడు చెద. ఎనిమిది గంటలపాటు లోపలుండాలంటేనే తనకింత భయమేస్తే ఆవిడకెలా ఉండి ఉంటుందో!

కిటికీలు లేని భవనం. ఎటు వెళ్ళినా ట్యూబ్‌లైట్లు, సిరా వాసన, మలుపు తిరిగితే మరో తాళం. బాత్రూముకి వెళ్ళినా తాళాలాయన వచ్చి తీయాలి.

పదింటికి ప్రూఫ్ తీశారు. ప్రూఫ్ మాత్రం మామూలు ప్రింటర్ మీద, పాత ఫాంట్‌తో. రెండు దేశాల అధికారులు చెరో పక్కనా నిలబడ్డారు. కాగితం ప్రింటర్లో ఇరుక్కుంది. టెక్నీషియన్ని పిలిచారు. కాగితాన్ని బయటికి లాగడానికి పట్టిన నాలుగు సెకన్లు లిస్టు చెద చేతిలో ఉంది. అతని కళ్ళు తిన్నగా పదిహేడు మీదికి పోయాయి. మందంగా, నల్లగా, నిండుగా ఉంది పదిహేడు. మిగతా ఇరవై మూడింటిలో ఒక్కటీ చూడలేదు. గూఢచారి అన్నవాడు అలా చూడకూడదు. తమ్ముడు అన్నవాడు అలాగే చూస్తాడు.

అధికారులు సంతకాలు చేశారు. ఫైల్‌కి సీలేశారు. ప్రూఫ్ ముక్కలు ముక్కలైపోయింది. ఇక ఆ లిస్టుని మార్చడం దేవుడి వల్ల కూడా కాదు.

ఇక మిగిలింది గుడ్డిది. ఫాంట్లు సరిచూసే కంప్యూటరు దాని పక్కనే అద్దాల గదిలో ఉంది. పదకొండున్నరకి చెద టెస్టు కాగితం కొట్టడానికి అనుమతి తీసుకున్నాడు. టెస్టు కాగితం మాత్రం బయటికొస్తుంది. రోజూ తాళాలాయన అక్షరం పడిందా లేదా చూసి పక్కన పడేస్తాడు. చెద రెండే అక్షరాలు పంపాడు. మొదటి ‘క’ నాలుగొందలు, రెండో ‘క’ ఏడొందలు.

మొదటిది మందంగా పడింది. రెండోది సన్నంగా.

పోయిన టెక్నీషియన్ సరిగ్గా ఇక్కడే నిలబడి ఉంటాడు. ఇదే చూసి ఉంటాడు.

చెద ఫాంట్ ఫైళ్ళు తెరిచాడు. ఫైల్ పేరు చూస్తే ‘బోల్డ్’. సరిగానే ఉంది. లోపల రాసిన పేరు కూడా ‘బోల్డ్’. అక్షరాల బొమ్మలు చూస్తే మందంగానే ఉన్నాయి. ఎవరు చూసినా తప్పు పట్టలేరు. ఇంకా లోపలికి, ఎవరూ తొంగిచూడని పట్టికలోకి వెళ్ళాడు. వెయిట్: 400. మామూలు ఫైల్ తెరిచాడు. వెయిట్: 700. అంత చిన్న మార్పు. మనిషి కంటికి కనపడేదంతా నిజమే, మెషీన్ చదివే అంకె ఒక్కటే అబద్ధం.

అంకెలు మార్చాడు. సేవ్ చేశాడు. మళ్ళీ టెస్టు కొట్టాడు. మళ్ళీ తిరగబడే వచ్చింది.

మూడుసార్లు ప్రయత్నించాక తెరమీద చిన్న వాక్యం కనిపించింది: ‘సంతకం చెల్లదు. పాత ఫైలే వాడుతున్నాను.’ డిజైనర్ రహస్య పదంతో సంతకం చేసిన ఫైళ్ళనే గుడ్డిది ఒప్పుకుంటుంది. ఇంకెవరు ఏం మార్చినా తోసేస్తుంది. భద్రత కోసం పెట్టిన ఏర్పాటే పీకల మీదికొచ్చింది.

రెండింటికి భోజనాల గదిలో ఆమె కనిపించింది. వంకాయరంగు కోటు, నుదుటి మీద ఒకే ఒక్క తెల్ల పాయ, బంగారు ఫ్రేము కళ్ళజోడు. ముప్పై మంది నీరసంగా డబ్బాల్లో భోజనం కెలుకుతుంటే ఆమె ఒక్కతే విందుకొచ్చినట్టు కూర్చుంది. అందరూ ఆమెని మేడమ్ అంటారు. చెద ఎదురుగా కూర్చున్నాడు.

“సన్న గీత పడే పెన్సిలుందాండీ?”

ఆమె తల ఎత్తలేదు. “అరిగిపోయింది. మొద్దుదే మిగిలింది.”

హమ్మయ్య అనుకున్నాడు చెద. గొంతు తగ్గించి మొత్తం చెప్పేశాడు. ఆమె శ్రద్ధగా వింది.

“ఎంత ఘోరం! నా ఫాంట్‌లోనా? మూడింటికి అద్దాల గదికి రండి. సంతకం చేస్తాను. అప్పటిదాకా ఎవరితోనూ అనకండి.”

మనవాడు అక్షరాలా పప్పులో కాలేశాడు. కోడ్ సరిగ్గా చెప్పింది కాబట్టి మన మనిషే అనుకున్నాడు. కోడ్ రెండు వైపులా తెలిసినదాన్నే కదా డబుల్ ఏజెంట్ అంటారు!

మూడింటికి ఆమె వచ్చింది. కుర్చీలో కూర్చుని ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. మూడుంపావు అయింది. ఇరవై అయింది. చెదకి అప్పుడు వెలిగింది.

“మీరు సంతకం చెయ్యడానికి రాలేదు.”

“లేదు” అంది ఆమె ప్రశాంతంగా. “నాలుగు దాకా మీకు కాలక్షేపం చెయ్యడానికి వచ్చాను.”

వెనక టక్కుమని చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. అద్దం అవతల తాళాలాయన తాళంచెవి తీసి గుత్తిలో వేసుకుంటున్నాడు. అదే నవ్వు.

మేడమ్ లేచి తలుపు దగ్గరికెళ్ళింది. “నేను బయటికి రావాలి. తీయండి.”

గోడమీది స్పీకరులో ఆయన గొంతు వినిపించింది. “ఎందుకమ్మా, మీ పని కూడా అయిపోయింది. పాపం లిఫ్టులో పోయిన ఆ టెక్నీషియన్ కుర్రాడు కూడా ఇలాగే తొందరపడ్డాడు.” ఏసీ స్విచ్చు నొక్కాడు. ఫ్యాను ఆగిపోయింది. ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ముఠాకి అమ్ముడుపోయిన ఆయనకి తాళాలంటే తెలుసు గానీ ఫాంట్లంటే తెలియవు. తలుపు వేసేస్తే పని ఆగిపోతుందని ముప్పై ఏళ్ళుగా ఆయన నమ్మకం. ఫాంట్ సరిచేసే కంప్యూటర్ని, దాని రహస్య పదం తెలిసిన ఒకే ఒక్క మనిషిని ఒకే గదిలో పెట్టి తాళం వేశానని ఆయనకి తట్టలేదు.

ఆ గదిలో పద్నాలుగు మెషీన్లు. అన్నీ వేడిగాలి వదులుతున్నాయి. పది నిమిషాల్లో గది పొయ్యిలా అయింది. అద్దాలు పిడికిలితో గుద్దితే పగిలే రకం కావు. చెద కుర్చీ ఎత్తి కొట్టాడు. కుర్చీ కాలు విరిగింది. అరిచాడు. గుడ్డిదాని మోటారు హోరులో ఆ అరుపు అతనికే సరిగ్గా వినపడలేదు.

“చూశారుగా, మిమ్మల్ని కూడా వదిలెయ్యలేదు” అన్నాడు రొప్పుతూ. “సంతకం చెయ్యండి.”

“చెయ్యను.”

“వాడు మిమ్మల్ని చంపబోతున్నాడండీ!”

“చంపనీ. నా భర్త బయటికొస్తే చాలు.” కళ్ళజోడు తీసింది. అప్పటిదాకా ఉన్న దర్జా అంతా దాంతోపాటే ఊడిపోయింది. “ఆయనది అవతలి దేశం. గూఢచారి అని తెలియకుండానే పెళ్ళి చేసుకున్నాను. తెలిశాక కూడా వదల్లేకపోయాను. నాలుగేళ్ళుగా మీ జైల్లో ఉన్నారు. తొమ్మిదో నంబరు. ‘మీ ఆయన నంబరు మామూలుగా పడబోతోంది, అంకెలు తిరగేస్తే మందంగా పడుతుంది’ అన్నారు వాళ్ళు. తిరగేశాను. మీ పెద్దాయన దగ్గర మీ మనిషిలా నటించాను. ఏమన్నా అనుకోండి.”

చెద ఈవిడ మీద మండిపోవాలి. మండలేదు. అక్క కోసమైతే తనూ ఇలాంటిదేదో చేసేవాడేమో!

గడియారం మూడు నలభై రెండు.

“ఆ లిస్టు మీరు చూశారా?” అన్నాడు.

“నన్నెందుకు చూడనిస్తారు? అక్షరాలు గీసినదానికి అక్షరాలతో ఏం రాస్తున్నారో చూపించరు.”

“నేను చూశాను. ప్రూఫ్ ఇరుక్కుంటే నేనే లాగాను.”

ఆమె చూపు అతని మొహం మీద ఆగిపోయింది.

“తొమ్మిది మందంగా ఉంది” అన్నాడు చెద.

నిజానికి తొమ్మిది ఎలా ఉందో అతనికి ఏ మాత్రం తెలియదు. అతను చూసింది పదిహేడు ఒక్కటే.

“అబద్ధం.”

“మందంగానే ఉంది మేడమ్. మొదటి వరస చివర్లో. మీ ఆయన్ని వదలాలని వాళ్ళెప్పుడో ఒప్పుకున్నారు. వాళ్ళకి కావలసింది నాలుగో నంబరు. మీతో పని చేయించుకోవడానికి ఆయన పేరు వాడుకున్నారు. ఇప్పుడు తిరగేసిన ఫాంట్‌తో పడితే మీ ఆయన లోపలే ఉండిపోతారు. మీ చేతులతోనే ఉంచుతున్నారు.”

“ఒట్టు?”

చెద చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కళ్ళలోకి చెమట కారుతోంది.

“ఒట్టు.”

“ఎవరి మీద?”

“మా అక్క మీద. పదిహేడో నంబరు. నన్ను పెంచింది.”

అక్క మీద ఒట్టేసి అబద్ధం చెప్పడం అతని జన్మలో ఇదే మొదలు. ఒట్లని నమ్మే మనిషి కాడు. అయినా ఆ క్షణంలో అక్క నెత్తిన ఏదో పెట్టినట్టే అనిపించింది.

ఆమె చాలాసేపు అతన్నే చూసింది. గడియారం మూడు నలభై ఎనిమిది. ఇంకో నిమిషం.

“జరగండి” అంది ఆమె.

కుర్చీ కాలు విరిగింది కాబట్టి నిలబడే టైపు చేసింది. చెద మార్చిన అంకెలు చూసి నాలుక చప్పరించింది. “ఇంతేనా మీరు చేసింది? ఇంత సులువుగా వదిలేస్తానా? లోపల ఇంకోచోట ‘ఇది బోల్డు’ అని ఒక టిక్కు ఉంటుంది. దాన్నీ మామూలు ఫైల్లో పెట్టాను. అంకె ఒకటి, టిక్కు ఒకటి చెప్తే ఈ మెషీన్ టిక్కునే నమ్ముతుంది. మీరు సంతకం సంపాదించినా తిరగబడే పడేది.”

చెదకి చెమటలోనే చలి పుట్టింది. ఆమె టిక్కు తీసి బోల్డు ఫైల్లో పెట్టింది. రహస్య పదం కొట్టింది. సంతకం చెల్లింది.

“అయిపోయినట్టేనా?”

“ఎక్కడండీ! గుడ్డిది పాత ఫాంట్ల జాబితా బుర్రలో పెట్టుకుని కూర్చుంటుంది. దాన్ని తుడిపెయ్యాలి. ఆరు నిమిషాలు. ఈలోగా నాలుగైతే పాత జాబితాతోనే అచ్చు కొట్టేస్తుంది.”

మూడు యాభై మూడు దాటి ఇరవై సెకన్లు. ఆమె మీట నొక్కింది. తెరమీద పచ్చగీత నత్తలా పాకింది. పదిశాతం. ఇరవై రెండు. ఇద్దరూ నేలమీద కూలబడి దాన్నే చూశారు. ఊపిరి పీలిస్తే వేడి, వదిలితే వేడి. ఆమె కోటు విప్పి పక్కన పడేసింది. నలభై దగ్గర గీత ఆగిపోయింది. చెద దేవుళ్ళందరినీ వరసగా తలుచుకున్నాడు. కదిలింది. డెబ్భై. ఎనభై ఎనిమిది. మూడు యాభై తొమ్మిది. తొంభై ఆరు.

“పోవే, పోవే తల్లీ” అంటోంది మేడమ్.

వంద. తెర తెల్లబడింది. గోడ గడియారంలో ముల్లు పన్నెండు మీదికి వచ్చింది. గుడ్డిది ఒక్కసారి దగ్గినట్టు చప్పుడు చేసి పనిలోకి దిగింది.

కాగితం లోపలే అచ్చయింది. లోపలే మడతపడింది. కవరు సీలై గొట్టంలోంచి కిందికి జారిన చప్పుడు మాత్రం వినిపించింది. మందంగా పడిందో, మామూలుగా పడిందో, ఆ గదిలో ఇద్దరికీ తెలియదు. చూడ్డానికి వీల్లేదు. టెస్టు కొట్టడానికి టైము లేకపోయింది.

నాలుగు దాటాక ఇనుప తలుపు తీశారు. గేటు బయట మారువేషాల్లో కాచుకున్న పెద్దాయన మనుషులు లోపలికొచ్చి తలలు లెక్కపెట్టారు. ఇరవై తొమ్మిది. రిజిస్టరులో ముప్పై ఒకటి.

“ఆ ఇద్దరికీ ఒంట్లో బాగోక మధ్యాహ్నమే వెళ్ళిపోయారు” అన్నాడు తాళాలాయన.

“మధ్యలో ఎవరూ వెళ్ళడానికి వీల్లేదని ఇక్కడ మీ చేతిరాతే ఉందిగా?” అన్నాడు వాళ్ళలో ఒకడు, రిజిస్టరు మొదటి పేజీ చూపిస్తూ. ముప్పై ఏళ్ళు ఆయన ప్రాణంలా చూసుకున్న రిజిస్టరు ఆయన చేతికి బేడీలు వేయించింది. జేబులో సన్నటి సూది కూడా దొరికింది. ఇరవై మూడు తాళంచెవుల్లోంచి అద్దాల గది తాళం వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఐదింటికి వంతెన. ఈ చివర నల్ల వ్యాన్. అందులో మేడమ్, చేతులకి బేడీలు. ఆమె పక్కనే చెద. పెద్దాయన ముందుసీట్లో దుర్భిణితో కూర్చున్నాడు. వంతెన మధ్యలో రెండు దేశాల ఆఫీసర్లిద్దరూ కలిసి కవరు చింపారు.

చెద ఊపిరి బిగపట్టాడు. పదిహేడు రాకపోతే? ఫాంట్ తప్పు వల్ల కాదు, తన దొంగ ఒట్టు వల్లే రాలేదనిపిస్తుంది జన్మంతా. పక్కకి తిరిగితే ఆమె కళ్ళు. అటు చూడటానికీ ధైర్యం చాల్లేదు. వ్యాన్ తలుపు తెరిచే ఉన్నా అద్దాల గదిలోంచి ఇంకా బయటపడనట్టే ఉంది.

అటునుంచి ఒక్కొక్కరే రావడం మొదలైంది. ముసలాయన ఒకడు. కర్రతో కుంటుతూ ఒకతను. మూడో మనిషి ఆడమనిషి. జుట్టు సగం నెరిసింది. నడక మాత్రం మారలేదు. ఎవరో వెనకనుంచి పిలుస్తారేమోనన్నట్టు మెడ కాస్త పక్కకి తిప్పి నడుస్తుంది అక్క.

చెద వ్యాన్ దిగి పరిగెత్తాడు. గూఢచారులు పరిగెత్తకూడదని పెద్దాయన వెనకనుంచి అరుస్తున్నా వినలేదు.

అక్క అతన్ని ఎగాదిగా చూసింది. “ఏరా, ఏంటిలా చిక్కిపోయావు? ఒళ్ళంతా ఆ చెమటేంటి?”

ఆరేళ్ళు జైల్లో ఉండి వచ్చిన మనిషి అన్న మొదటి మాట అది. చెద ఆవిడ భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అప్పుడు ఇటునుంచి ఆరుగురు బయల్దేరారు. నాలుగో నంబరు వాళ్ళలో లేడు. ఐదోవాడు సన్నగా పొడుగ్గా ఉన్నాడు, చేతిలో చిన్న సంచి. వ్యాన్లోంచి ఒక్క పిలుపు వినిపించింది. అతను ఆగి వెనక్కి తిరిగాడు. తెరిచిన తలుపులో బేడీలు పడ్డ రెండు చేతులు పైకి లేచాయి. అతను కూడా చెయ్యెత్తాడు. సైనికుడు వీపు మీద తట్టాడు. మళ్ళీ అటు నడవడం మొదలుపెట్టాడు. ఆమె భర్త విడుదలయ్యాడు. కాకపోతే వంతెనకి అటువైపుకి. ఆమె ఇటువైపు బేడీల్లో ఉండిపోయింది.

చెద అక్కని తీసుకుని వ్యాన్ దగ్గరికొచ్చాడు.

“ప్రూఫ్‌లో తొమ్మిది నేను చూడలేదండీ. పదిహేడు ఒక్కటే చూశాను” అన్నాడు తలవంచుకుని. చెప్పకుండా ఉండలేకపోయాడు.

“తెలుసు” అంది మేడమ్. “నిజం చెప్పేవాడికి అంత చెమట పట్టదు.”

“మరి ఎందుకు సంతకం చేశారు?”

“ఆ ముఠావాళ్ళు ఆయన నంబరు చెప్పినప్పుడు వాళ్ళకి ఒక్క చెమట చుక్క కూడా పట్టలేదు. వాళ్ళూ మీరూ కూడా అబద్ధమే చెప్తున్నారనుకున్నాను. మీకు మాత్రం సిగ్గేసింది.” వంతెన అవతల ఆ పొడుగాటి మనిషి కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని పెద్దాయన వైపు తిరిగింది. మళ్ళీ దర్జా వచ్చేసింది.

“నాకెన్నేళ్ళు శిక్ష వేస్తారో వెయ్యండి. వచ్చే మార్పిడి లిస్టులో నా నంబరు మందంగా వేయించండి. ఫాంట్ లోపలి అంకెలు మాత్రం నేనే వచ్చి చూసుకుంటాను. మీవాళ్ళకి టిక్కు సంగతి తెలియదు.”